తోటపని, చిత్రలేఖనము : ఆనందమునకు రెండు త్రోవలు

1. రెండు విధముల త్రవ్వకము

కోలారు జిల్లా యనగానే లోకులకు మొదట స్ఫురించునది బంగారము. 1880లో జాన్ టైలర్ అండ్ సన్స్ అను ఆంగ్లేయుల కంపెనీవారు పని చేపట్టినది మొదలు 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడు వరకు కె.జి.ఎఫ్.లో మనుష్యులు సుమారు మూడు కిలోమీటర్ల లోతునకు దిగి పసిడిరాతిని పైకి తెచ్చిరి. తెలుగువారును తమిళులును అనేక కుటుంబములవారు ఆ చీకటిలో చెమటోడ్చిరి. గనులు మూతపడిన పిమ్మట అచ్చట మిగిలినవి రాతిపొడి గుట్టలు. జనులు వానిని సైనైడు దిబ్బలందురు. వేసవి గాలికి ఆ పొడి లేచి ఇండ్లలో పడుచుండును.

ఈ జిల్లాలోనే మరియొక విధమగు త్రవ్వకమును గలదు. శ్రీనివాసపురమున మామిడితోటలు, మన ముళబాగిలు తాలూకాలో రాగిచేలు, టమాటాతోటలు, పట్టుపురుగులకై పెంచు మల్బరీ మడులు ఆ త్రవ్వకమువలన ఏర్పడినవే. మొదటి త్రవ్వకమున మనుష్యుడు నేలనుండి పుచ్చుకొనెనే కాని తిరిగి ఇచ్చినది లేదు. రెండవదానిలో ఎరువు వేయును, నీరు పోయును, కలుపు తీయును. నేల ఏటేట బదులు తీర్చుచుండును. బంగారము త్రవ్విన చోట గుంత మిగులును. పాదు త్రవ్విన చోట మొక్క మిగులును.

తోటవలన కూరయు పండును వచ్చునని అందరెరుగుదురు. దానివలన మనస్సునకు ఆరోగ్యము, ఆనందము కలుగునని, చిత్రకళ దానికి చెల్లెలివంటిదని తెలియజేయుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము. ఈ ఆనందము ధనికులకు మాత్రమే చెందినది కాదనియు, నీటికి కటకటపడు మన బైరకూరు వంటి గ్రామమున సైతము ప్రతి బాలుడును, ప్రతి బాలికయు పొందదగినదనియు మా నమ్మకము.

2. మన జిల్లాలో పుట్టినవాడు నాటించిన తోట

బెంగళూరు లాల్‌బాగును విద్యార్థులలో పలువురు చూచియుందురు. దానికి 1760లో అంకురార్పణ చేసినవాడు హైదరాలీ. అతడు జన్మించినది మన జిల్లాలోని బూదికోటయందు. యుద్ధములలోనే జీవితమును గడిపిన ఆ సేనాని తోట యొకటి కావలెనని కోరుకొనుట గమనింపదగిన విషయము. అతని కుమారుడు టిప్పు సుల్తాను దూరదేశములనుండి మొక్కలు, విత్తనములు తెప్పించి ఆ తోటను పెంచెను. వారి రాజ్యము పోయినది, కోటలు కూలినవి, తోట మాత్రము నిలిచినది. నేడది సుమారు 240 ఎకరముల వైశాల్యము గలిగి, కూలివాడు మొదలు అధికారి వరకు ఎల్లరకు నీడనిచ్చుచున్నది.

1908 నుండి 1932 వరకు ఆ తోటకు పెద్దగా నుండిన జర్మనీ దేశీయుడు గుస్తావ్ హెర్మన్ క్రుంబిగల్ బెంగళూరు వీథులలో చెట్లు నాటించుటకు ఒక చక్కని పద్ధతి నవలంబించెను. ఒక జాతి పూత ముగియునప్పటికి మరియొక జాతి పూచునట్లు చెట్లను ఎంచి నాటించెను. అందుచేత నగరమున ఏడాది పొడవునను ఏదో యొక వీథి పూలతో నిండియుండెడిది. తోటమాలి కాలమును కూడ నాటగలడని దీనివలన మనకు తెలియుచున్నది. ఈ ఉపాయము పెద్ద నగరమునకే కాదు, నాలుగు మడులున్న పాఠశాలకును పనికివచ్చును. దానిని ముందు చెప్పెదము.

3. మనస్సు ఏల తేరుకొనును?

తోటలో కొంతసేపున్న పిదప మనస్సు తేలికపడుట మన పెద్దలు అనుభవమున నెరిగినదే. ఈ కాలపు శాస్త్రజ్ఞులు దానిని కొలిచి చూచిరి.

అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఒక ఆస్పత్రిలో 1972 నుండి 1981 వరకు పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందినవారి రికార్డులను రోజర్ ఉల్రిక్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించెను. 46 మంది రోగులను జతలుగా కూర్చి పోల్చెను. వారిలో 23 మందికి గది కిటికీనుండి చెట్లు కనబడుచుండెను. తక్కిన 23 మందికి ఇటుకగోడ మాత్రమే కనబడుచుండెను. చెట్లు కనబడినవారు త్వరగా ఇండ్లకు పోగలిగిరి. వారికి ఘాటైన నొప్పిమందుల అవసరమును తక్కువగానుండెను. ఈ ఫలితము 1984లో వెలువడినది.

2011లో నెదర్లాండ్స్ దేశమునుండి మరియొక ఫలితము వచ్చినది. తోటపని అలవాటున్న 30 మందికి మొదట మనస్సును కలవరపెట్టు పని యొకటి ఇచ్చిరి. ఆపైన కొందరిని అరగంటసేపు తోటపనికి, కొందరిని అరగంటసేపు గదిలో చదువుకొనుటకు పంపిరి. కలవరపాటు వేళ శరీరమున హెచ్చు కార్టిసాల్ అను ద్రవ్యమును వారి లాలాజలమున కొలిచిరి. రెండు జట్లలోను అది తగ్గెను కాని తోటపని చేసినవారిలో ఎక్కువగా తగ్గెను.

46 మంది, 30 మంది అనునవి చిన్న సంఖ్యలే. కావున తోట సర్వరోగనివారిణి యని ఎవరును చాటరాదు. దీర్ఘమైన మనోవ్యథ కలవారు వైద్యుని వద్దకు పోవలసినదే. అయినను ఇట్టి పరీక్షలు అనేకము ఒకే వైపు చూపుచున్నవి. కళల విషయమున ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన నివేదిక 3,000కు పైగా అధ్యయనములను పరిగణించి, చిత్రలేఖనము, సంగీతము, నాట్యము మొదలగునవి ఆరోగ్యరక్షణకును చికిత్సకును తోడ్పడునని తేల్చినది.

దీనికి కారణమేమి? మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కాప్లన్ దంపతులు చెప్పిన సిద్ధాంతము విద్యార్థులకు సులభముగా బోధపడును. మన అవధానము రెండు విధములు. లెక్క చేయునప్పుడు మనస్సును పట్టి నిలుపవలెను. ఇది మొదటి విధము. గుమ్మడిపూవుమీద తుమ్మెద వాలినప్పుడు మనస్సు తనంతట తానే అచ్చట నిలుచును. ఇది రెండవ విధము. మొదటిది వాడినకొలది అలసిపోవును. రెండవది నడచుచుండగా మొదటిది విశ్రాంతి పొంది తిరిగి బలము పుంజుకొనును. ఎద్దును కాడినుండి విడిచి మేతకు తోలినట్లు మనస్సును తోటలోనికి తోలవలెను. మేసివచ్చిన ఎద్దే మరల దున్నగలదు.

4. చిత్రలేఖనము చూచుట నేర్పును

తోటలో తిరిగినంతమాత్రమున తోట కనబడదు. కన్నులు తెరచియుండుట వేరు, చూచుట వేరు. మందారపువ్వునకు రేకులెన్ని యని అడిగిన, దినమును దానిని దేవునికి పెట్టువారిలోనే పలువురు తడబడుదురు. అదే పువ్వును కాగితముపై గీయుమన్నప్పుడు బాలుడు దగ్గరకు పోయి వంగి చూచును. రేకులు ఐదు, నడుమ పొడవైన కాడ, దానిచుట్టు పుప్పొడి, కాడ చివర ఐదు చిన్న ఎర్రని బొట్లు. నందివర్ధనపు రేకులు గాలిపటాకివలె ఒక ప్రక్కకు మెలిదిరిగియుండుట గీయువానికే తెలియును. కావున చిత్రలేఖనమనగా చేతిపని యని తలపరాదు. అది ముందుగా కంటిపని. బొమ్మ బాగుగా వచ్చినదా లేదా యనునది తరువాతి మాట. అరగంటసేపు ఒక పువ్వును చూచిన బాలునికి ఆ పువ్వు జీవితాంతము చుట్టమగును.

ఈ విద్య మన ఇండ్లలో లేనిది కాదు. తెల్లవారకమునుపే వాకిట చుక్కలు పెట్టి ముగ్గువేయు తల్లి ఏ చిత్రకళాశాలయందును చదువలేదు. అయినను చుక్కలను లెక్కించి, గీతను త్రెంపక త్రిప్పి, తామరనో, మల్లెతీగనో నేలమీద పూయించును. సాయంకాలమునకు ఆ ముగ్గు చెరిగిపోవునని ఆమెకు తెలియును. అయినను మరునాడు మరల వేయును. చేసిన పని నిలుచునా, దానిని ఎవరైన మెచ్చుకొందురా యను చింత లేక చేయుటయందలి సంతోషమును మన బాలబాలికలు మొదట ఆమెవద్దనే నేర్చుకొనవలెను.

చెట్టునకును చిత్రమునకును గల చుట్టరికమును శ్రీకాళహస్తి కలంకారీ పనివారు మరింత స్పష్టముగా చూపుదురు. వారు నూలుబట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టుదురు. ఇనుపముక్కలు, బెల్లము నీటిలో దినములకొలది నానబెట్టి నల్లరంగు చేయుదురు. వెదురుపుల్లకు దూది చుట్టి కలముగా వాడుదురు. ఎరుపునకు పటిక పూసి వేళ్లతో, చెక్కతో కాచిన నీట ఉడికింతురు. నీలమునకు నీలిమొక్క గలదు. వేరు, బెరడు, కాయ, ఆకు ఇవియే వారి రంగులపెట్టె. ఆ కళ క్షీణించుచున్న తరుణమున, స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, కమలాదేవి చట్టోపాధ్యాయగారి ప్రోద్బలమున దానికి మరల ప్రాణము వచ్చినది.

పువ్వును కోయక చెట్టుననే చూచి సంతోషించుట మరియొక మెట్టు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’ను ఎరుగని తెలుగువారు అరుదు. మన ముళబాగిలులో 1887లో జన్మించిన డి. వి. గుండప్పగారు కన్నడమున ‘వనసుమ’ అను గేయమును రచించి, అడవిలో ఎవరి కంటబడకయే పూచి పరిమళించు పువ్వువలె తన బ్రతుకు వికసింపవలెనని కోరుకొనిరి. ఒకరిది తెలుగు, మరియొకరిది కన్నడము. ఇద్దరికిని గురువు పువ్వే.

5. పొరుగున నున్న ఉదాహరణము

మనకు దూరము కాని మదనపల్లెయందు 1919లో రవీంద్రనాథ ఠాకూరు కొంతకాలముండి, ‘జనగణమన’ గీతమును ఆంగ్లమున పరివర్తించిరి. ఆయన 1901లో శాంతినికేతనమున పాఠశాల నెలకొల్పి చెట్లక్రింద పాఠములు చెప్పించిరి. 1928లో అచ్చట వృక్షారోపణోత్సవమును ప్రారంభించిరి. మొక్కను పల్లకిలో ఊరేగించి, పాటలతో ఆటలతో నాటుట ఆ పండుగలోని ముచ్చట. తోటపనియు కళయు ఒకే కార్యముగా మారుటకు ఇంతకు మించిన ఉదాహరణము లేదు.

మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి సంకల్పమున ఆ ప్రాంతముననే ఋషివ్యాలీ పాఠశాల వెలసినది. అదియును మన సీమవలెనే వాన తక్కువైన రాతినేల. బోడిగానుండిన కొండవాలులలో చెట్లు నాటి, వాననీరు పారిపోకుండ కట్టలు కట్టి, ఏండ్ల తరబడి శ్రమించుటచే అచ్చట పచ్చదనము తిరిగివచ్చినది, పక్షులును తిరిగివచ్చినవి. నేల యెట్టిదైనను ఓర్పు గలవారు దానిని మార్చగలరని ఈ ఉదాహరణము చాటుచున్నది.

6. పేర్లు నిలుపుకొనుట

భాషాల్పసంఖ్యాకుల పాఠశాలకు తోట మరియొక విధమున మేలు చేయును. మన పిల్లలు ఇంట తెలుగు, వీథిలో కన్నడము మాట్లాడుదురు. ఇది మనకు లోటు కాదు, కలిమి. కాని చెట్టును చూడని పిల్లవానికి చెట్టు పేరు ఏ భాషలోను నిలువదు. కానుగను కన్నడమున హొంగె యందురు. వేపను బేవు, చింతను హుణసె, మందారమును దాసవాళ, గన్నేరును కణగిలె యందురు. మామిడి వారికి మావు. మల్లె వారికి మల్లిగె. ప్రతి మడివద్ద ఒక పలకపై రెండు పేర్లను వ్రాసి నిలిపినచో ఏడాదిలో పిల్లలకు రెండు భాషలును పండును.

పేర్లే కాదు. పాదు, మడి, నారు, మొలక, చిగురు, మొగ్గ, పిందె, కాయ, తొడిమ, తొక్క, కలుపు, గట్టు, కాలువ అను మాటలు పుస్తకములోనుండి వల్లెవేసినచో పరీక్ష మరునాటికి మరపునకు వచ్చును. చేతిలో మట్టి యుండగా నేర్చిన మాట చేతికంటుకొనియుండును. మొగ్గకును పిందెకును భేదమును చిక్కుడుతీగ చెప్పినంత తేటగా నిఘంటువు చెప్పజాలదు.

7. కొన్ని ఆక్షేపణలు, వానికి సమాధానములు

తల్లిదండ్రులు సాధారణముగా మూడు ఆక్షేపణలు తెత్తురు.

మొదటిది నీరు. ఇది నిజమైన కష్టమే. మన జిల్లాలో ఏడాది పొడవున పారు నది లేదు. పూర్వులు త్రవ్వించిన చెరువులే మనకు దిక్కు; అవి ఎండిన కొలది బోరుబావులు లోతునకు పోయినవి. 2018లో బెంగళూరు నగరపు వాడుకనీటిని శుద్ధిచేసి మన జిల్లా చెరువులకు త్రిప్పు పథకము ఆరంభమైనది. అది త్రాగుటకు కాదు, భూగర్భజలమును నింపుటకు ఉద్దేశింపబడినది. ఒక మహానగరమువారు వాడి విడిచిన నీరు మన చెరువులకు పనికివచ్చునని తలచినప్పుడు, మనము చేతులు కడిగిన నీరు మన మొక్కలకు పనికిరాదా? లెక్క చూడుడు. మధ్యాహ్న భోజనమైన పిదప నూరుమంది పిల్లలు తలకు రెండు లీటర్ల చొప్పున చేతులు, పళ్లెములు కడిగినచో దినమునకు 200 లీటర్లు. 200 పనిదినములకు 40,000 లీటర్లు. ఈ నీటిని చిన్న కాలువద్వారా అరటికి, చేమకు, బొప్పాయికి పారించినచో కొత్తగా ఒక్క బిందె నీరు తేనక్కరలేదు.

రెండవది కాలము. పదవ తరగతి పరీక్ష దగ్గరపడగానే ముందుగా కత్తివ్రేటు పడునది చిత్రలేఖనపు గంటకు, తోటపని గంటకు. ఆ గంటలను లెక్కలకో, ఆంగ్లమునకో ధారపోయుదురు. 2005 సంవత్సరపు జాతీయ పాఠ్యప్రణాళిక పదవ తరగతి వరకు కళావిద్య ఉండవలెనని చెప్పినది. కాగితముపై నున్నది కాలపట్టికలో నిలువవలెను గదా! అవధానమును గూర్చి పైన చెప్పినది జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆ గంట చదువునుండి దొంగిలించినది కాదు. చదువుటకు వలయు శక్తిని తిరిగి నింపునది. వారమునకు రెండు గంటలు చాలును. కాని ఆ రెండు గంటలను ఎవరును ముట్టరాదు.

మూడవది గౌరవము. “మేము మట్టిలో కష్టపడుచున్నాము, మా బిడ్డలు కూడ మట్టి పిసుకవలెనా?” అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్నలో బాధ గలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. ధర పడిపోయినప్పుడు టమాటాలను రోడ్డు ప్రక్కన పారబోసి వచ్చిన రైతునకు తోట ఆనందమని చెప్పుట సులభము కాదు. మేము కోరునది బిడ్డను కూలికి పంపుమని కాదు. అప్పునకు, ధరకు, వడ్డీకి కట్టుబడని నాలుగడుగుల మడి యొకటి బిడ్డకు ఉండవలెనని. అందులో తానే విత్తి, తానే చూచి, తానే ఆనందించిన బిడ్డ రేపు వైద్యుడైనను, గుమాస్తాయైనను తండ్రి పనిని చిన్నచూపు చూడడు.

8. చేయవలసిన పద్ధతి

మృగశిర, ఆరుద్ర కార్తెలలో తొలకరి పడగానే మడులు సిద్ధపరుపవలెను. ఇద్దరు పిల్లలకు ఒక మడి చాలును. ఒక ప్రక్క గుంత త్రవ్వి రాలిన ఆకులు, కూరల తొక్కలు, పేడ పొరలుగా వేసి కుళ్లనిచ్చినచో కొన్ని నెలలకు మంచి ఎరువు తయారగును. మడిపై ఎండుటాకులు పరచినచో తేమ త్వరగా ఆరిపోదు. ఎండకాలమున మొక్క ప్రక్కన చిన్న మట్టికుండను మెడవరకు పూడ్చి నీరు నింపి మూత పెట్టవలెను. కుండ గోడలనుండి నీరు మెల్లగా ఊరి వేళ్లకు అందును.

క్రుంబిగల్ పద్ధతిని ఇచ్చట వాడుకొనవచ్చును. బంతి విత్తినచో వారములోపుననే మొలచి సుమారు రెండునెలలకు పూచును. ఆనవాళ్లకు ముందుగా దానిని విత్తవలెను. చేమంతి చలికాలమున పూచును. మల్లె వేసవిలో విరియును. నందివర్ధనము, మందారము చాలకాలము పూచుచునే యుండును. కరివేప, మునగ వంటింటికి పనికివచ్చును. కానుగ ఉగాది నాటికి క్రొత్త చిగురు తొడిగి ఎండలకు ముందే నీడ సిద్ధపరచును. గన్నేరు, ఉమ్మెత్త విషపూరితములు. చిన్నపిల్లలున్న చోట వానిని నాటరాదు.

కొన్ని మొక్కలు చచ్చును. పురుగు పట్టును, మేక మేయును, ఆదివారము నీరు పోయువారు లేక వాడును. అట్టి సమయమున పిల్లలను దండింపరాదు. కారణమేమో వెదకుమని, మరల విత్తుమని చెప్పవలెను. పోయినదానికి దుఃఖించి, మరల పని మొదలుపెట్టుట జీవితమున మిక్కిలి అక్కరకు వచ్చు విద్య. ఆనందమనగా దుఃఖము లేకుండుట కాదు. దుఃఖము వచ్చిన పిదప చేతికి ఒక పని దొరకుట అందులో పెద్ద పాలు.

9. విద్యార్థులు చేయవలసిన అభ్యాసములు

(1) మీ ఇంటి పెరటనో, వాకిటనో ఉన్న చెట్లకు తెలుగు, కన్నడ పేర్లు వ్రాయుడు. తెలియనివానిని అవ్వ తాతలనడిగి తెలిసికొనుడు.

(2) ఒకే చిక్కుడుగింజను విత్తిన దినము మొదలు ఇరువది దినములు దినమునకొక బొమ్మ గీయుడు. రంగులు లేకున్నను పెన్సిలు చాలును.

(3) మీ అమ్మగారు వేయు ముగ్గులలో మూడింటిని చుక్కల లెక్కతో సహా నోటుపుస్తకమున దింపుడు. వానిలో ఏయే పువ్వులున్నవో వ్రాయుడు.

(4) కురుడుమలె గణపతి ఆలయమునకో, ఆవని రామలింగేశ్వరాలయమునకో పోయినప్పుడు స్తంభములపై చెక్కిన తీగలను, పువ్వులను, జంతువులను వెదకి, ఒక్కదానిని అచ్చటనే కూర్చుండి గీయుడు.

(5) మీ ఇంట ఒక దినమున పాత్రలు, చేతులు కడిగిన నీరు ఎన్ని బిందెలైనదో కొలువుడు. ఆ నీటితో ఎన్ని మొక్కలు బ్రతుకునో మీ పెద్దలతో కూర్చుండి లెక్కింపుడు.

(6) విచారము కలిగిన దినమున కొంతసేపు మీ మడివద్ద పనిచేసి, పనికి ముందు మనస్సు ఎట్లుండెనో, తరువాత ఎట్లుండెనో రెండు వాక్యములు వ్రాసికొనుడు. దీనిని ఎవరికిని చూపనక్కరలేదు.

ఈ ఆరింటికిని మార్కులు లేవు. వచ్చు తొలకరికి ప్రతి తరగతికిని ఒక మడి కేటాయింపబడును. పారలు, బిందెలు పాఠశాలయే ఇచ్చును. విత్తనములు మాత్రము ఎవరి ఇంటినుండి వారు తెచ్చుకొనవలెను.